చివరి పేరు నాది

నా పరిశోధనను నలభై దేశాల వాళ్లు ప్రస్తావించారు.

నలభై అన్నాను గాని, కూర్చుని లెక్కపెడితే పదకొండు తేలాయి. అందులోనూ ఒక దేశాన్ని పాత పేరుతో ఒకసారి, కొత్త పేరుతో ఒకసారి కలిపాను. కాబట్టి పది. డెబ్బై దాటిన మనిషి తన గొప్ప చెప్పుకునేటప్పుడు కాస్త పొంగించడం అందరూ చేసేదే. నేను పొంగించినదాన్ని మళ్లీ నేనే దించుతాను. కాకపోతే కొంచెం ఆలస్యంగా దించుతాను. ఆ ఆలస్యం వల్ల ఒకసారి ఇంకొకరి ఉద్యోగానికి ఎసరు వచ్చింది. ఆ సంగతి రాయాలని కూర్చున్నాను.

నేను వేరుశెనగ మీద పని చేసిన శాస్త్రజ్ఞుణ్ణి. అనంతపురం చుట్టుపక్కల ఎర్ర నేలల్లో మబ్బు వైపు చూసే జనంతో పాటు నేనూ చూస్తూ ఉద్యోగం గడిపాను. రైతు పంట కోసం చూస్తాడు, నేను వ్యాసం కోసం చూసేవాణ్ణి. వాన రాకపోతే ఆ ఏడు ఇద్దరికీ ఏమీ లేదు. నాకు జీతం మాత్రం ఉండేది.

మా లోకంలో మనిషి బరువు తూచే పద్ధతి ఒకటుంది. నేను రాసిన వ్యాసాన్ని ఇంకొకరు తమ వ్యాసంలో ‘ఫలానావారు ఇలా చెప్పారు’ అని ఎత్తి చూపితే అది నాకు ఒక సైటేషన్. దాని మీద ఇంకొక లెక్క కట్టారు. మన వ్యాసాల్లో ఒక పదింటిని ఒక్కొక్కదాన్ని కనీసం పదిసార్లు ఎవరైనా ఎత్తి చూపి ఉంటే మన అంకె పది. పదకొండింటిని పదకొండేసి సార్లయితే పదకొండు. ఉద్యోగం ఇవ్వాలన్నా, పైకి ఎక్కించాలన్నా ఇప్పుడు ఆ అంకె చూస్తారు. మనిషిని చూడరు. నాలాంటి మనిషిని చూడకపోవడమే మంచిదని కూడా కొందరు అంటారు.

ఇంటర్నెట్టులో ప్రతి పరిశోధకుడికీ ఒక పేజీ ఉంటుంది. ఆ అంకెలన్నీ అందులో కనబడతాయి. రిటైరైన తర్వాత నా పేజీ ఎండిన బోరులాగే ఉండిపోయింది. అయినా పొద్దున లేవగానే ఫోను తెరిచి ముందు దాన్నే చూసేవాణ్ణి. మా ఆవిడ పక్క నుంచి పోతూ, “దేవుని పటం చూసే టైములో అదేం చూపండీ” అనేది.

అలాంటిది రెండేళ్ల కిందట సైటేషన్ల అంకె కదిలింది. ముందు ఒకటీ రెండూ కదిలాక, వారం వారం పెరగడం మొదలుపెట్టింది. మా ప్రాంతంలో ఎండిన బోరులో ఉన్నట్టుండి నీళ్లు ఎగజిమ్మితే సంతోషించే ముందు పక్కవాడి పైపు ఏమైనా పగిలిందేమో అని చూస్తారు. నాకూ అదే అనుమానం కలిగింది. ఎవరు ఎత్తి చూపుతున్నారు? ఎందుకు? చచ్చేలోగా నాకు పేరు రావాలని ఎవడు కంకణం కట్టుకున్నాడు?

సైటేషన్లు అమ్మేవాళ్లు కూడా ఉన్నారని విన్నాను. ఒకసారి ఎవడో ఫోను చేసి, పురుగుమందులు అమ్మేవాడి గొంతుతో, “సార్, మీ ప్రొఫైలు పెంచి పెడతాం” అన్నాడు. కోపంతో ఫోను పెట్టేశాను. రేటు ఎంతో అడిగి తెలుసుకుని పెట్టేశాను.

ఆ పెరుగుదల చాలావరకు ఒక్క వ్యాసం నుంచే వస్తోంది. ఎర్ర నేలలో వేరుశెనగ విత్తనాన్ని ఎంత లోతున వేయాలి అన్నది దాని విషయం. దాని మీద నాలుగు పేర్లున్నాయి. మొదటి పేరు నా శిష్యురాలిది, చివరి పేరు నాది. మధ్యలో ఇద్దరు పాత సహోద్యోగులు. మా లెక్కలో మొదటి పేరంటే కష్టం చేసిన మనిషి, చివరి పేరంటే ఆలోచన ఇచ్చిన పెద్దమనిషి.

పెద్దమనిషిని కదా, నాలుగు రోజులు అనుమానపడి ఐదో రోజు అనుమానాన్ని వదిలేశాను. నా ఆలోచన గొప్పది, లోకానికి ఇప్పటికి అర్థమైంది, అంతే అనుకున్నాను. రోజూ పొద్దున ఉగ్గాని తినడానికి పోయే హోటల్లో నలుగురు రిటైరైనవాళ్లం కూర్చుంటాం. అక్కడ అంకె సంగతి చెప్పాను. మరుసటి రోజు నుంచి వాళ్లు షేర్ల ధర అడిగినట్టు అడగడం మొదలుపెట్టారు.

“ఏమప్పా సైంటిస్టూ, ఈ పొద్దు యాడికి పోయింది?”

“పైకే పోతాండాది.”

“ఆ పేపరు ఆయమ్మ రాసింది కదా, మొదట పేరు ఆమెదే ఉండాది?”

“పేరు ఆమెది. చేతులు ఆమెవి. తల నాది” అన్నాను.

మాట బాగా కుదిరింది అనిపించింది. కుదిరింది కదా అని ఇంకో నాలుగుసార్లు అన్నాను. ఒక సెమినార్లో మైకు ఇస్తే అక్కడా అన్నాను.

ఒక మధ్యాహ్నం నా శిష్యురాలు స్కూటీ మీద ఇంటికొచ్చింది. ఆమె గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగిన ముస్లిం అమ్మాయి. నా దగ్గర పీహెచ్‌డీ చేసిన చివరి మనిషి. ఇప్పుడు ఒక వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెబుతుంది, బత్తలపల్లె దగ్గర కౌలుకు తీసుకున్న చేనిలో ప్రయోగాలు చేస్తుంది. హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, కింద పెట్టలేదు. పెట్టకపోవడం చూసి ఎక్కువసేపు ఉండదులే అనుకున్నాను.

“సార్, ఒక మాట అడుగుతా. కోపం చేసుకోవద్దండి.”

“అడుగమ్మా.”

“మన పేపరు గురించి మీరు యాడన్నా ఏమన్నా అన్నారా?”

“నేనా? నేనెవరితో అంటా? ఇల్లు దాటి బయటికే పోను.”

లోపలి నుంచి మా ఆవిడ గొంతు వినబడింది. “పొద్దున ఏడుకు పోతే పదికి వస్తారమ్మా. ఉగ్గాని చల్లారినా ఈయన మాటలు చల్లారవు.”

శిష్యురాలు నవ్వలేదు. సంగతి చెప్పింది. వాళ్ల కళాశాలలో అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. దానికి కావలసిన అంకె ఆమెకు సరిగ్గా ఉంది, ఆ వ్యాసాన్ని కలిపితేనే. ఇంతలో ఎవరో ఫిర్యాదు పెట్టారు. ఆ పని ఆమెది కాదని, ముసలి గురువు చేసిపెట్టిన పని మీద తన పేరు ముందు రాసుకుందని, ఆ వ్యాసం మీదున్న నలుగురూ ఒకరి పేరు ఒకరు రాసుకుంటూ ముఠా కట్టారని.

“విచారణకు ఒకాయన వస్తాండాడు సార్. పేపరు నాది కాదని తేలిందంటే పోస్టు మాటట్లుంచు, దొంగ అంటారు నన్ను. రేపు నా క్లాసులో పిల్లోల్లు కూడా అంటారు.”

నాకు ఆమె మీద జాలి కలగాలి. ముందు కలిగింది అనుమానం.

“సరే గాని, నేనొకటి అడుగుతా. ఈ నంబరు ఎట్ల పెరుగుతాండాదమ్మా? ఎవరికైనా దుడ్లు గాని ఇచ్చినావా?”

ఆమె లేచి నిలబడింది. “సార్! మీరే చేయించినారేమో అని నేను ఇన్నాళ్లూ నోరు మూసుకోనుండా.”

ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇద్దరం ఒకే పని ఎదుటివాళ్లు చేశారని నమ్మి, మర్యాదకు ఊరుకున్నాం. మా ఆవిడ మజ్జిగ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది.

“పెరిగేదానికి కారణం ఉండాది సార్” అంది ఆమె మళ్లీ కూర్చుంటూ. “మీరు పేపరు చదివినారు కదా?”

“చదవకుండానా?”

ఆమె నన్ను కాసేపు చూసి, మజ్జిగ గ్లాసు ఎత్తి తాగేసింది.

చదివాను అన్నది పూర్తిగా అబద్ధం కాదు. ఆమె పంపించిన రోజు పైన పేర్ల వరుస చదివాను. కింద మొదటి వాక్యం చదివాను. విత్తే లోతు గురించి నేను ముప్పై ఏళ్లు చెప్పినదే ఉంటుంది కదా, మళ్లీ చదివేదేముంది అనుకున్నాను. ఫోనులో అక్షరాలు కూడా చిన్నవి.

మరి నా పేరు దాని మీదికి ఎలా వచ్చిందంటే, ముయ్యి సంగతి చెప్పాలి. మా పక్క వాన పడితే నేలలో తడి రెండు మూడు రోజులే నిలుస్తుంది. ఆలోగా విత్తాలి. ఎవడి దగ్గరా సరిపడా మనుషులు, ఎద్దులు ఉండవు. అందుకని ఈరోజు నలుగురూ నీ చేనికి, రేపు నలుగురూ నా చేనికి. కూలి లేదు, చేసిన పనికి పనే బదులు. అదే ముయ్యి. ప్రయోగాల మడులకూ ఇదే పాట్లు. ప్రభుత్వం వాన పడిన రోజున మనుషుల్ని ఇవ్వదు కదా. అందుకని పరిశోధకులం మేము కూడా ఒకరి మడికి ఒకరం పోయి విత్తేవాళ్లం. వచ్చినవాడి పేరు వ్యాసం మీద రాసేవాళ్లం. అలా మా నలుగురి పేర్లూ అన్ని వ్యాసాల మీదా కలిసి తిరిగాయి. మాకు అందులో దాచేదేమీ కనబడలేదు. బురద కాళ్లతో ఎదురుగా నిలబడినవాడి పేరు రాయకపోతే తప్పుగాని, రాస్తే తప్పేమిటి?

ఈ వ్యాసానికి మాత్రం నేను పోలేదు. ఆ ఏడు బత్తలపల్లెలో వాన పడిందని ఆమె ఫోను చేస్తే మోకాలు నొప్పి అన్నాను. మోకాలు నిజంగానే నొప్పి. కాని ఆరోజు హిందూపురం పక్కన ఒక పెళ్లికి పోయి రెండు మెట్లు దూకి బస్సెక్కిన మోకాలు కూడా అదే. మిగతా ఇద్దరూ వెళ్లి విత్తారు. అయినా ఆమె నా పేరు రాసింది. చదువుకునే రోజుల్లో ఆమె మడికి నేను పోయి విత్తినందుకు పాత ముయ్యి తీర్చుకుందేమో అనుకుని సంతోషించాను.

విచారణకు వచ్చినాయన కోస్తా నుంచి వచ్చాడు. వరి మీద పని చేసిన ప్రొఫెసర్. గొంతులో నెయ్యి పోసుకున్నట్టు మాట్లాడతాడు. అంత మెత్తగా మాట్లాడేవాణ్ణి నేను ఊరికే నమ్మను. కళాశాలలో ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. శిష్యురాలిని ఒక పక్కన కుర్చీలో, మధ్యలో మాట్లాడకూడదని చెప్పి ఉంచారు. ఆయన లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. తెర నిండా చుక్కలు, చుక్కల మధ్య గీతలు. ఒక్కో చుక్క ఒక్కో పరిశోధకుడు. ఇద్దరు కలిసి రాస్తే, ఒకరినొకరు ఎత్తి చూపితే ఒక గీత. ఒక మూల నాలుగు చుక్కల మధ్య గీతలు అల్లుకుపోయి నల్లగా ముద్దకట్టాయి.

“ఇదేమిటో చెప్పగలరా సార్?”

“ముగ్గు మాదిరి ఉండాది” అన్నాను.

“ఇది మీరండీ. ఇది ఆవిడ. ఈ నలుగురూ ఏళ్ల తరబడి ఒకరి పేరు ఒకరు రాసుకుంటున్నారు. దీన్ని మేము ముఠా అంటాం. మీరు ఏమంటారు?”

ముయ్యి గురించి చెప్పాను. వాన, తడి, ఎద్దులు, మనుషులు, అన్నీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. వరి పండించేవాడికి కాలువ నీళ్లొస్తాయి కాబట్టి ఇది కొత్త. “ఊళ్లో ఇది బాగుంటుందండీ” అని ఒక కాగితం తీశాడు. “ఈ మాట మీదేనా చూడండి. ‘చేతులు ఆమెవి, తల నాది.’”

ఫిర్యాదు ఎవరు పెట్టారో అని అప్పటిదాకా హోటల్లో ముగ్గురినీ, సెమినార్‌కొచ్చిన వాళ్లందరినీ, ఒక రాత్రయితే మా ఆవిడను కూడా అనుమానించాను. కాగితం చూస్తే అందులో ఉన్నదంతా నా మాటే. పెట్టినవాడు ఎవడైనా కానీ, వాడికి సరుకు ఇచ్చింది నేనే. పక్కన శిష్యురాలు చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ నా వైపు చూడకుండా కూర్చుంది.

“మాట నాదే సార్” అన్నాను. “కాని అబద్ధం. ఆ పేపరులో నాది ఏమీ లేదు. ఆలోచన ఆమెది, పని ఆమెది, రాసింది ఆమె. నేను ఆ మడిలో కాలు కూడా పెట్టలా.”

“మరి చివరి పేరు?”

“అభిమానంతో పెట్టింది.”

“మరి సెమినార్లో చెప్పింది?”

“గొప్పలకు చెప్పినా.”

ఆయన నవ్వాడు. మర్యాదగానే నవ్వాడు. “శిష్యురాలి మీద మీకున్న అభిమానం తెలుస్తోందండీ. ఇప్పుడు ఆవిడ పోస్టు పోతుందని మీరు ఇలా అంటున్నారు. అప్పుడేమో ఇంతమంది ముందు అలా అన్నారు. రెండింట్లో ఏది నమ్మమంటారు?”

ఒట్టు పెట్టుకున్నాను. ఎవరి మీదనో చెప్పను, మా ఆవిడ చదివితే బాగుండదు. ఆయన నమ్మలేదు. బతుకంతా చెప్పిన గొప్పలన్నీ జనం నమ్మారు. ఒక్కసారి నిజం చెబితే ఇతను నమ్మడు. “ఇంకేం పరీక్ష కావాలన్నా పెట్టండి సార్” అన్నాను. అది కూడా నాటకమే అనుకున్నట్టున్నాడు. లాప్‌టాప్ మూసేశాడు.

“పోనీండి. పెద్దవారు, మిమ్మల్ని ఇంక ఇబ్బంది పెట్టను.” టీ తెప్పించాడు. శిష్యురాలికి కూడా ఒక గ్లాసు ఇప్పించాడు. అయిపోయింది, ఓడిపోయాం అనుకున్నాను. ఆమె టీ ముట్టుకోలేదు.

ఆయన టీ తాగుతూ కిటికీ వైపు చూస్తూ అన్నాడు. “ఏమైనా సార్, ఆ వ్యాసం మాత్రం గొప్పది. నాకు వేరుశెనగ తెలీదు, అయినా ఆసక్తిగా చదివాను. తడి అడుగున ఉంటుంది కాబట్టి ఇక్కడి నేలల్లో విత్తనాన్ని లోతుగా వేయాలని తేల్చారు చూడండి, అది ముప్పై ఏళ్లు ఈ నేల మీద తిరిగిన మనిషికే తోస్తుంది.”

ముప్పై ఏళ్లు అన్న మాట దగ్గర నా పని అయిపోయింది.

“అదే కదండీ!” అన్నాను. గ్లాసు కింద పెట్టేశాను. “అది నాకు చిలమత్తూరు పక్కన ఒక చేనులో తట్టింది. పైన ఎండి పొడిపొడిగా ఉండాది. వేలు పెట్టి చూస్తే అడుగున చల్లగా తడి. ఈ తడిని విత్తనానికి అందియ్యాల గదా అనుకున్యా. లోతుగా వేస్తే మొలక బలంగా వస్తాదని మేము తేల్చినాము. ఇప్పుడు బయటి దేశాలోల్లు కూడా ఒప్పుకుంటాండారంటే మాటలు కాదు గదా...”

ఇంకా చాలా చెప్పాను. చేతులు ఊపుతూ చెప్పాను. ఆయన తల ఊపుతూనే ఉన్నాడు. శిష్యురాలి వైపు చూశాను. ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను.

ఆయన మెల్లగా లాప్‌టాప్ తెరిచి, వ్యాసాన్ని అక్షరాలు పెద్దవి చేసి నా ముందుకు జరిపాడు. “మీరే చదవండి సార్. చివరి పేరా.”

చదివాను. లోతుగా వేసిన మడుల్లో మొలకలు తక్కువ వచ్చాయని ఉంది. విత్తిన తర్వాత జోరువాన పడితే ఎర్ర నేల పైన అట్టకడుతుందని, లోతున ఉన్న మొలక ఆ అట్టను చీల్చుకుని పైకి రాలేక లోపలే వంగిపోతుందని ఉంది. పైపైన వేసినవి మాత్రం వచ్చాయని ఉంది. ఈ ప్రాంతంలో చాలాకాలంగా ఇస్తున్న సలహాను మార్చుకోవాలని ఉంది.

“ఆ చాలాకాలంగా ఇస్తున్న సలహా ఎవరిదో కింద రాశారండీ” అన్నాడు ఆయన.

కింద చూశాను. అది నా పాత వ్యాసం.

అప్పుడు అర్థమైంది అంకె ఎందుకు పెరుగుతోందో. ఆ వ్యాసాన్ని ఎత్తి చూపిన ప్రతివాడూ, పనిలో పనిగా నా పాత వ్యాసాన్ని కూడా ఎత్తి చూపి, ఇది సరికాదు అని రాస్తున్నాడు. ఆ లెక్కకు మెచ్చుకున్నవాడూ ఒకటే, తిట్టినవాడూ ఒకటే. రోజూ పొద్దున దేవుని పటం వదిలేసి నేను చూసుకుంటూ వచ్చింది, నన్ను తప్పు పట్టినవాళ్ల తలల లెక్క.

“ఇప్పుడు నమ్ముతున్నాను” అన్నాడు ఆయన. “మీరు ఈ పని చేయలేదు. చదవను కూడా లేదు. ఇంత బాగా ఎవరూ నటించలేరు.”

పేరు ఊరికే ఇవ్వడం తప్పేనని, దానికి ఆమెకు ఒక మందలింపు రాస్తానని, పని మాత్రం ఆమెదేనని రాస్తానని చెప్పాడు. ‘ఈ పరిశోధనలో నా పాత్ర ఏమీ లేదు’ అని ఒక కాగితం నా చేత రాయించుకున్నాడు. ఏమీ అన్న మాట అవసరమా అని అడిగాను. అవసరమే అన్నాడు.

బయట చెట్టు కింద స్కూటీ దగ్గర ఆమె నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గాని పెదాలు వణుకుతున్న తీరు చూస్తే నవ్వుకున్నట్టు తెలుస్తోంది.

“ముందే ఎందుకు చెప్పలేదు నాకు?” అన్నాను.

“ఎట్ల చెప్పాల సార్? లోతుగా వేయమని నాకు నేర్పిందే మీరు. మీ పేరు లేకుండా అచ్చేస్తే గురువు మీదికి పోయినట్టుంటాది. మీ పేరు పెడితే మీరే తెలుసుకోని మార్చుకున్నట్టుంటాది అనుకున్యా. చదివి మీరే ఫోన్ చేసి తిడతారని రోజూ చూసినా. తిట్టలా. పైగా ఊరంతా చెప్పుకుంటాండారు. నాకేం అర్థం కాలేదు.”

నేను ముయ్యి అనుకున్నది ముయ్యి కాదు. నా తప్పును నా చేతే దిద్దించినట్టు కనబడేలా ఆమె చేసిన ఏర్పాటు.

హెల్మెట్ పెట్టుకోబోతూ ఆగింది. “సార్, ఒక్కటి నిజం చెప్పండి. ఆయన మీకు వల వేస్తాండాడని తెలిసే పడినారు కదా? నా కోసమే కదా?”

“మరి ఏమనుకున్నావు?” అన్నాను.

ఆమె వంగి నా కాళ్లకు దండం పెట్టింది. హోటల్లో కూడా అలాగే చెప్పాను. కోస్తా మనిషి మాటలు విని నేను ఎలా అమాయకుడిలా నటించానో, ఎలా కళ్లు పెద్దవి చేశానో, చేసి చూపించాను. వాళ్లలో ఇద్దరు నమ్మారు. మిగతా ఒకాయన టీ గుటకేసి, “నువ్వు నటించలేవప్పా” అన్నాడు. ఆయన అనుమానమే సరైనది. వల నాకు కనబడలేదు. కనబడి ఉంటే ఆమె కోసం ఇంకా ఒక అరగంట మాట్లాడి ఉండేవాణ్ణి, నా పేరు పోయేదాకా.

ఆమెకు పోస్టు వచ్చింది. ఆ వ్యాసం మీద నుంచి నా పేరు తీయించారు. నా పేజీలో అంకె ఒక్కసారిగా కిందికి జారింది. ఆ పొద్దున దాన్ని చూసి, ఫోను పక్కన పెట్టి, ఆమె వ్యాసాన్ని కాగితాల మీద అచ్చు వేయించుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. చదివాను అంటే ఈసారి నిజంగానే. మా ఆవిడ కళ్లద్దాలు కూడా పెట్టుకుని చదివాను.

మూడో పేజీలో నాకు అనుమానం తగిలింది. ఫోను చేశాను.

“ఏం సార్, ఈ టైములో?”

“ఆ ఏడు జోరువాన పడినాక మడిలో గుంటక తోలించినావా లేదా? ఈడ రాయలేదే.”

గుంటక అంటే ఎద్దులతో నేల పైపొరను గీకే పరికరం. తోలితే అట్ట పగిలిపోతుంది.

“తోలలేదు సార్.”

“చూసినావా! తోలింటే అట్ట పగిలిపోయేది. లోతున ఉండే మొలక కూడా లేచేది. అంటే తప్పు నా లోతుది కాదు.”

“కావచ్చు సార్. రాయండి అయితే.”

“రాయాల్నా?”

“నా పేపరు తప్పని మీరే ఒకటి రాయండి. మీ పేరు ఒక్కటే పెట్టుకోని.”

“రాస్తా. భయపడతావనుకున్యా.”

“భయమేంది సార్? మీరు రాసినారంటే నాకు ఒక సైటేషన్ పడుతుంది.”

అవతల నవ్విందో, సిగ్నలే అలా గరగరలాడిందో తెలియలేదు. ఫోను పెట్టేశాక చాలాసేపు ఆలోచించాను. నన్ను ఎగదోసి పని చేయిస్తోందని అనుమానం. అయినా సరే అనుకుని, మొన్న మొదలుపెట్టాను. నాలుగు పేజీలు అయ్యాయి.

నాలుగు కాదు. కాగితం పైన నా పేరు ఒక్కటే రాశాను. మిగతాది రాయాలంటే గుంటక తోలి చూడాలి. అందుకు ముందు వాన పడాలి.